టీనీ గదిలో ఉన్నంతసేపు

1934 కోతల కాలంలో బ్రేహెడ్ పొలం వంటింట్లోకి టీనీ మచ్ అడుగుపెట్టిందంటే చాలు, ఎవరో ఒకరు గబుక్కున లేచి గ్రామఫోను ముల్లు ఎత్తేసేవాళ్ళు. అంతవరకూ గది నిండా మోగుతున్న పాట పుటుక్కున తెగిపోయేది. పనివాళ్ళందరూ ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకునేవాళ్ళు. టీనీ గుడ్ల బుట్ట బల్ల మీద పెట్టి, "ఆపడం దేనికర్రా, నేనేమన్నా పాస్టరునా?" అని వెళ్ళిపోయేది. ఆమె గుమ్మం దిగి పెరడు సగం దాటేదాకా ఆగి, మళ్ళీ ముల్లు దించేవాళ్ళు. పెరడు సగం సరిగ్గా ఎక్కడికొస్తుందో నెల తిరిగేసరికి టీనీకి కంఠతా వచ్చేసింది.

ఇది అవమానం కాదు, మర్యాద. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరైనా అవమానిస్తే టీనీ నాలుగు తిట్టి చేతులు దులుపుకునేది. మర్యాద చేసేవాళ్ళని ఏమని తిడతాం?

స్కాట్లండ్‌లోని ఈ బకన్ సీమ పొలాల్లో పాడే మనిషికల్లా ఒక సొంత పాట ఉంటుంది. ఆ మనిషి గదిలో ఉండగా ఆ పాటను మరొకరు ఎత్తరు, గొంతు ఎంత గొప్పదైనా సరే. పక్కవాడి చెంచా లాక్కుని వాడి గంజి తాగడంతో సమానం. పోయేముందు పాటను ఎవరికైనా ఇస్తే, ఆనాటి నుంచి అది పుచ్చుకున్నవాళ్ళది. ఇచ్చినవాళ్ళు మళ్ళీ నోరెత్తరు. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నవాటికంటే రాయనివాటికే ఇక్కడి జనం ఎక్కువ భయపడతారు.

మరి పాడేది మనిషి కాక నల్లటి రికార్డు ప్లేటు అయితే? దీనికి బ్రేహెడ్‌లోనే కాదు, చుట్టుపక్కల పది పొలాల్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎందుకైనా మంచిదని ముల్లు ఎత్తేవాళ్ళు.

ప్లేటులో పాడుతున్నవాడు హెక్టర్ ఫోర్డైస్. ఆ పేరు లండన్‌కు. ఇక్కడ మాత్రం కమ్మరి ఫోర్డైస్ కొడుకు హెకీ. చిన్నప్పుడు వాన పడితే కొలిమి దగ్గర తండ్రి తిట్లు తప్పించుకుని బ్రేహెడ్ వంటింట్లో టీనీ పీట పక్కన చేరేవాడు. చర్చిలో వాడి గొంతు విని పాస్టరు చందాలు పోగుచేసి గ్లాస్గో పంపించాడు. అక్కడ ఆరేళ్ళు, ఆపైన ఇటలీలో రెండేళ్ళు శాస్త్రీయంగా సాధన చేసి పై స్థాయిలో పాడే టెనర్ గాయకుడై కూర్చున్నాడు. పెద్ద పెద్ద సంగీత నాటకాల్లో నల్ల కోటు వేసుకుని పాడాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. హెకీ రచ్చ గెలిచి ఇంటి పాటల వైపు తిరిగాడు. లండన్ రికార్డుల కంపెనీవాళ్ళు, 'మీ స్కాట్లండ్ పాతపాటలు ఓ ఎనిమిది పాడి పెట్టండి' అన్నారు. ఏడు అందరికీ తెలిసినవే పాడాడు. ఎనిమిదోది టీనీ పాట పాడాడు.

ప్లేటు మీద గుండ్రటి కాగితంలో 'పాత జానపదం. కూర్పు: సి. ఎ. లాటిమర్' అని అచ్చేశారు. లాటిమర్ అంటే పక్కన పియానో వాయించిన పెద్దమనిషి. టీనీ కళ్ళజోడు తెప్పించుకుని మరీ ఆ పేరు చదివి, పాలల్లో పడ్డ ఈగను చూసినట్టు చూసింది.

టీనీ సొత్తు అంటూ చెప్పుకోవాల్సి వస్తే పెద్దగా ఏమీ లేదు. తొమ్మిది మంది సంతానంలో ఏడోది. పదమూడో ఏట కూలిసంతలో బ్రేహెడ్ వంటింటి పనికి కుదిరింది. ఇప్పుడు యాభై ఏడు. ఈ నలభై నాలుగేళ్ళలో ఎన్ని ఆవుల పాలు పిండిందో, ఎంత వెన్న చిలికిందో దేవుడు కూడా లెక్క పెట్టి ఉండడు. ఒకప్పుడు ఎక్ అనే నాగలి పనివాడు, ఆర్నెల్ల కూలి గడువు తీరాక తనతో పక్క పొలానికి రమ్మని, పెళ్ళి చేసుకుందామని అడిగాడు. ఇక్కడ వంటింటి పెద్ద బెల్ విషార్ట్ మంచాన పడి ఉంది, వదిలి రాలేనంది టీనీ. మరో ఆర్నెల్లు తిరిగేసరికి ఎక్ ఇంకెవర్నో చేసుకున్నాడు. "ఆర్నెల్లకో గడప మారే మగాడికంటే కోళ్ళు నయమే, సాయంత్రానికి ఇంటికొస్తాయి," అనేది టీనీ ఆ ప్రస్తావన వస్తే. నవ్వుతూనే అనేది.

ఆ బెల్ ఇచ్చిందే ఈ పాట. 1909 చలికాలంలో, మూడు ఆదివారాలు, చర్చి నుంచి అందరూ తిరిగొచ్చేలోపు, మంచం మీద నుంచి ముక్కముక్కగా నేర్పింది. ముసలి గుర్రాన్ని సంతలో అమ్ముకోవడానికి తీసుకెళ్ళే నాగలి పనివాడి పాట అది. మూడో చరణంలో అతను వెనక్కి తిరిగి, కొన్నవాడి చేతిలో ఉన్న గుర్రాన్ని చూస్తాడు. అక్కడ వరస ఒక్కసారిగా కిందికి దిగుతుంది, మెట్టుందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు. ఆ దిగడం కోసమే టీనీని బెల్ ఒక ఆదివారమంతా ఏడిపించింది. చివర అతను వట్టి పగ్గం పట్టుకుని నడుస్తూ, అలవాటు కొద్దీ, "పదవే తల్లీ, ఇంటికి పోదాం," అంటాడు. ఆ చివరి మాట పాడకూడదు, మామూలుగా అనేయాలి. మన పాతవాళ్ళు పాటనలాగే దించేవాళ్ళు. మూడో ఆదివారం బెల్, "ఇక నా దగ్గర లేదు, నీ దగ్గరుంది," అంది. మళ్ళీ పాడలేదు. వసంతం రాకముందే పోయింది.

ఆనాటి నుంచి ప్రతి కోతల విందులోనూ బ్రేహెడ్ యజమాని, "టీనీ, ఇక నీదే," అనేవాడు. ఏడాదంతా ఒసేయ్ ఒసేయ్ అని పిలిపించుకునే మనిషి కోసం ఆ నాలుగు నిమిషాలు నలభై మంది ఊపిరి బిగబట్టేవాళ్ళు. అది చాలు ఆమెకి. ఎవరికి చాలదు?

విందు మూడు వారాలుందనగా ఒక పొద్దున కోళ్ళ గూడు ఊడుస్తూ టీనీ తనలో తాను పాడుకుంది. మూడో చరణం దగ్గర గొంతు పైకి పోయింది.

చీపురు ఆపింది. మళ్ళీ పాడింది. మళ్ళీ పైకే పోయింది, హెకీ ప్లేటులో పోయినట్టు, నునుపుగా, అందంగా. ఎవరో తన నోట్లో చెయ్యి పెట్టి గొంతు తిప్పినట్టయింది ఆమెకి. తను గుమ్మంలోకి రాగానే ముల్లు ఎత్తారు నిజమే. పెరడు సగం దాటాక దించారు కదా. పాల గదికి, కోళ్ళ గూటికి, బావి దగ్గరికి రోజూ సాయంత్రం అది వినబడుతూనే ఉంది. నెల రోజుల్లో పాతికేళ్ళ పాట కొట్టుకుపోయింది.

ఆపైన ఆమెకు అదే పని. పాలు పిండుతూ వెతికింది. వెన్న చిలుకుతూ వెతికింది. బెల్ మొహం గుర్తొచ్చేది, ఆవిడ తడిబట్టతో వీపు మీద చరిచే దెబ్బ గుర్తొచ్చేది, ఆ దిగే చోటు మాత్రం అందేది కాదు. ఎంత గట్టిగా వెతికితే ప్లేటు అంత గట్టిగా మోగేది. ఎవరితో చెప్పుకుంటుంది? పాట ఎవరిదో వాళ్ళే దాన్ని మరిచిపోతే ఏం చేయాలో ఆచారంలో లేదు.

ఆ పరిస్థితిలో ఉండగా పొలం యజమాని బ్రేహెడ్ వచ్చి పాల గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇక్కడ రైతుని పొలం పేరుతోనే పిలుస్తారు. టోపీ తీసి చేతిలో నలపడం చూసి, ఇబ్బందైన మాటేదో తెచ్చాడని టీనీకి అర్థమైంది.

"విందుకి హెకీ వస్తున్నాడే, టీనీ."

"రానీ. చోటు లేదా ఏం?"

"వాడి నోట ఆ పాట వినాలని అందరికీ ఉంది మరి."

"నేను గదిలోనే ఉంటాను, బ్రేహెడ్."

"ఉండవే, ఎవరొద్దన్నారు! నేననేది, వాడికిచ్చేయొచ్చు కదా అని. ఎలాగూ వాడి దగ్గరుందాయె."

"నా కోడి వెళ్ళి మీ పెరట్లో గుడ్డు పెట్టిందనుకోండి. కోడి నాదే, గుడ్డూ నాదే. పెరడొక్కటే మీది."

బ్రేహెడ్ టోపీ తలకి పెట్టుకున్నాడు. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. టీనీ మాత్రం చిక్కులో పడింది. ఇవ్వనంది కనక తానే పాడాలి. పాడితే మూడో చరణంలో ఆ పైకి పోయే వరస వస్తుంది. ప్లేటు విని నేర్చుకుని పాడిందని నలభై మందీ అనుకుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

విందు రోజు మధ్యాహ్నం హెకీ తిన్నగా పాల గదికే వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, మంచి ఉన్ని సూటు, చంకలో కాగితంలో చుట్టిన నాలుగు ప్లేట్లు. కొలిమి నుంచి పారిపోయొచ్చిన మొహమే ఇంకా.

"నీకోసం తెచ్చాను, టీనీ అత్తా."

"నా దగ్గర గ్రామఫోను లేదు. నేనున్న చోట మోగించరు కూడాను."

హెకీ వాటిని అటకమీద పెట్టబోయి, మానేసి, చేతిలోనే పట్టుకున్నాడు. "నీకు కోపమొచ్చిందని నాన్న రాశాడు. నేను ఆచారం తప్పలేదత్తా. లండన్‌లో పాడాను. నువ్వు గదిలో లేవుగా."

"లేను. ఇప్పుడు నువ్వు అన్ని గదుల్లోనూ ఉన్నావు. నేను ఏ గదిలోకి పోవాలో నువ్వే చెప్పు."

వాడు తల వంచుకున్నాడు. అలాగే అన్నాడు, "ఆ దిగే చోటు మార్చడం నాకూ ఇష్టం లేదు. లాటిమర్ పియానో మీద ఎంత వెతికినా అది దొరకలేదు. రెండు మెట్ల మధ్యన ఎక్కడో ఉందది. పైకి పొండి, బాగుంటుందన్నాడు. ఎనిమిదిసార్లు పాడించారు."

"పియానోలో లేకపోతే పాటలోనూ లేదనా?"

'అదెలా ఉండేదిరా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది టీనీకి. అడిగితే వాడు పాడి చూపిస్తాడు. అడిగితే పోగొట్టుకున్నానని ఒప్పుకున్నట్టు కూడా. ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. "తప్పుకో, వెన్న కరుగుతోంది," అంది. చల్లటి రోజు, వెన్న కరిగేదేమీ లేదు. వాడు తప్పుకున్నాడు.

సాయంత్రం ధాన్యపు కొట్టంలో బల్లలు వేశారు. మధ్యన పెద్ద గంగాళం, దాన్నిండా ఓట్స్ పిండి, బీరు, బెల్లపు పాకం, విస్కీ కలిపిన కోతల పాయసం. అందులో వేసిన ఉంగరం ఎవరి చెంచాకొస్తే వాళ్ళకు ఆ ఏడు పెళ్ళి. ఉంగరం డెబ్బై ఏళ్ళ డేవిట్ ఇమ్లా నోట్లో పడి, ఉన్న రెండు పళ్ళలో ఒకటి కదిలింది. డేవిట్ గుర్రాల పెద్ద. కాకి కూడా సిగ్గుపడే గొంతు అతనిది. పాడాల్సొస్తే తన వంతుకు గుర్రాల కథ ఒకటి చెప్పి సరిపెట్టేవాడు.

"డేవిట్, పిల్లనెక్కడ చూడమంటావ్?" అని ఒకడు.

"మీ అమ్మమ్మ ఖాళీగానే ఉందిగా!" అన్నాడు డేవిట్. కొట్టం దద్దరిల్లింది. టీనీ నవ్వలేదు. 

నలుగురైదుగురు పాడారు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే గది మెల్లగా నిశ్శబ్దమైంది. కొన్ని మొహాలు టీనీ వైపు, ఎక్కువ మొహాలు హెకీ వైపు. బ్రేహెడ్ ఇద్దరినీ చూసి, గొంతు సవరించుకుని, ఆచారానికే కట్టుబడ్డాడు. "టీనీ. ఇక నీదే."

పాడేవాళ్ళ చెయ్యి పక్కవాళ్ళు పట్టుకోవడం ఇక్కడి అలవాటు. డేవిట్ తన మొద్దు చేతిని ఆమె చేతికిచ్చాడు. టీనీ కళ్ళు మూసుకుని ఎత్తింది. మొదటి చరణం బాగా పోయింది. రెండోదీ పోయింది. మూడోదాంట్లో పనివాడు వెనక్కి తిరిగాడు, గుర్రాన్ని చూశాడు, ఆమె గొంతు పైకి లేచింది.

టీనీ ఆపేసింది.

 కళ్ళు తెరవకుండానే, "తప్పొచ్చింది," అంది.

"తప్పేం లేదు టీనీ, ప్లేటులో అచ్చం అలాగే ఉందిగా!" అన్నాడు కొత్తగా కుదిరిన పనివాడెవడో, పాపం ధైర్యం చెబుదామనే. పుండు మీద కారం చల్లాడు. వాడి పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

టీనీ కళ్ళు తెరిచింది. ఇక దాచుకోడానికి ఏమీ మిగల్లేదు. అందరి ముందూ, బల్లకు అవతల కూర్చున్నవాణ్ణి అడిగింది. "హెకీ. అదెలా ఉండేదిరా?"

హెకీ లేచి నిలబడ్డాడు. మహామహుల ముందు పాడినవాడు. ఛాతీ నింపుకున్నాడు, నోరు తెరిచాడు, మూడో చరణం ఎత్తాడు. పైకి పోయాడు. ఆగి, తల విదిలించి, మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పైకే. మూడోసారి ఎత్తి సగంలో ఆపేశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"రావట్లేదత్తా," అన్నాడు. "అన్నిసార్లు పాడాను కదా. పోయింది."

టీనీకి నిజంగా భయమేసింది అప్పుడు. తన దగ్గర పోయినా వాడి దగ్గర ఉంటుందని లోలోపల ఒక నమ్మకం పెట్టుకుంది. ఆ పాట ఇక ప్రపంచంలో ఎక్కడా లేదు.

"అలా కాదు," అన్నాడు డేవిట్ ఇమ్లా.

అందరూ అతని వైపు తిరిగారు. "అలా కాదది. బెల్ నోట ఐదేళ్ళు విన్నా, దీని నోట పాతికేళ్ళు విన్నా. నా చెవిలో ఉంది."

"అయితే చెప్పు డేవిట్!" అంది టీనీ అతని చెయ్యి గుంజి.

"నేనేం చెప్తానే? నేను నోరు తెరిస్తే గుర్రాలు తాళ్ళు తెంపుకుంటాయి. కాదంటే కాదని చెప్పగలను. అంతే."

ఎవరూ నవ్వలేదు. టీనీ మూడో చరణం ఎత్తి, ఆ చోట కిందికి దిగింది. "కాదు," అన్నాడు డేవిట్. ఇంకొంచెం దిగింది. "కాదు." హెకీ బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడొకసారి, ఆమె ఒకసారి. "కాదు." నెమ్మదిగా దిగారు. "ఊహూ." గబుక్కున దిగారు. "దగ్గరికొచ్చింది... కాదు." హెకీ సూటు చంకల్లో చెమట పట్టింది. గంగాళం చుట్టూ ఉన్నవాళ్ళు పిల్లి నడిచినట్టు దగ్గరికి జరిగారు. పదిసార్లయింది. పదిహేనయింది. టీనీ గొంతు అరిగి గరగరలాడుతోంది, డేవిట్ చేతిలో ఆమె చెయ్యి ఆగకుండా వణుకుతోంది. మరోసారి ఎత్తింది. గరగర గొంతు ఆ చోట ఎటూ పోలేక ఒక పక్కకి ఒరిగి, కిందికి జారింది.

డేవిట్ ఈసారి వెంటనే కాదనలేదు. ఆమె చేతికేసి చూశాడు. తర్వాత ఆ చెయ్యి గట్టిగా నొక్కి, "అదే," అన్నాడు.

కొట్టమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. టీనీ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. మళ్ళీ మొదటి చరణం నుంచి ఎత్తి, ఆ చోట అలాగే జారి, చివరిదాకా పాడింది. "పదవే తల్లీ, ఇంటికి పోదాం," అని మామూలుగా అనేసి కూర్చుంది. బల్లల మీద చేతులు, కాళ్ళ కింద చెక్కలు మోగిపోయాయి. బ్రేహెడ్ ముక్కు చీదుకున్నాడు. హెకీని పాడమని ఆ సాయంత్రం ఎవరూ అడగలేదు.

గాలి కోసం టీనీ బయటికొస్తే హెకీ వెనకే వచ్చాడు. ఇద్దరూ కోసేసిన పొలం వైపు తిరిగి నిలబడ్డారు.

"అది కాదు కదత్తా," అన్నాడు వాడు.

"కాదు."

"మరి డేవిట్..."

"నా చెయ్యి వణుకు ఆగట్లేదని చూసి, 'అదే' అన్నాడు. మంచోడు. మళ్ళీ వాణ్ణి అడక్కు."

హెకీ పొలం మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు. "ఆ ప్లేటు ఆపించేయమని కంపెనీకి రాస్తాను. ఇంకెక్కడా పాడను, ఒట్టు."

"పాడుకోరా. నువ్వు పాడేది నీది. ఇవాళ నేను పాడిందేదో అది నాది. పోయినదాని కోసం ఉన్నవాటిని పారేసుకుంటామా?"

"అయితే నన్ను క్షమించినట్టేనా?"

టీనీ ఆప్రాన్‌తో మొహం తుడుచుకుంది. "నాదే అయితే ఎప్పుడో క్షమించేదాన్ని. అది బెల్ పెద్దమ్మది, హెకీ. నేను ఊరికే దాచిపెట్టాను, అంతే. నువ్వూ నేనూ కలిసి పోగొట్టాం."  నలభై నాలుగేళ్ళలో బ్రేహెడ్‌లో ఎవరూ చూడని ఏడుపు వచ్చింది ఆమెకి. హెకీ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.